చీర గార్డు మీద పానాల గొట్టం

దోర్నాల దాటాక శ్రీశైలం దాకా దాదాపు 50 కిలోమీటర్లు, దారి పొడవునా నల్లమలే. అక్కడ టైరులో గాలి పోతే పంచరు షాపు ఎక్కడని వెతుకుతావు నాన్నా? చాలాచోట్ల ఫోనుకి సిగ్నల్ కూడా అందదు. రాత్రయితే అటవీశాఖ వాళ్ళు గేట్లు వేసేస్తారు. అందుకే బండికి మనమే ఒక డబ్బా బిగించుకుందాం, పానాలూ పంచరు సామానూ కట్టుగుడ్డలూ అందులో పెట్టుకుందాం అన్నావు చూడు, నాకు నచ్చింది. వెనకటికి బులెట్లకి పక్కనే ఇనుప టూల్ బాక్సు ఉండేది. చేతక్ స్కూటరుకి ముందు డిక్కీ ఉండేది. ఇప్పటి బండ్లకి సీటు కింద చిన్న ప్లాస్టిక్ సంచీ, అందులో రెండు పానాలూ ఒక స్క్రూడ్రైవరూ. అంతే సంబడం.

నా పేచీ అంతా నువ్వు గీసిన బొమ్మతోనే. క్యారియరు చివర, టెయిల్ లైటు కూడా దాటేసి, ట్రంకు పెట్టె అంత డబ్బా గీశావు. ఒక్క లెక్క వేసి చూడు. 100 సీసీ బండికి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం సుమారు 125 సెంటీమీటర్లు. నీ డబ్బా బరువు 10 కిలోలనుకో, అది వెనక ఇరుసుకి 40 సెంటీమీటర్లు అవతల వేలాడుతోందనుకో. పదిని 40తో గుణించి 125తో భాగించు, 3.2 వస్తుంది. అంటే ముందు చక్రం మీద ఉండాల్సిన బరువులో 3.2 కిలోలు ఎగిరిపోయింది. వెనక చక్రం మోసేది 10 కాదు, 13 కిలోల పైమాట. ఘాటు ఎక్కేటప్పుడు బరువు ఎటూ వెనక్కే వాలుతుంది కదా, దానికి ఇది తోడైతే హ్యాండిల్ చేతుల్లో తేలిపోతున్నట్టు ఉంటుంది. మలుపుల్లో ఇంకో చిక్కు ఉంది. బండి మధ్య నుంచి బరువు ఎంత దూరంలో ఉంటే, దాన్ని తిప్పడానికి అంత ఎక్కువ బలం కావాలి. దూరం రెండింతలైతే ఆ మొండితనం నాలుగింతలవుతుంది.

పాలవాళ్ళ బండిని ఎప్పుడైనా తీరిగ్గా చూశావా? క్యాన్లు సీటు మీద పెట్టరు. రెండు పక్కలా కొక్కేలకి, వీలైనంత కిందకి వేలాడదీస్తారు. ఇంజనీరింగ్ కాలేజీ మొహం చూడని వాళ్ళు గరిమనాభి సంగతి ఎంత చక్కగా పట్టుకున్నారో! ఇంకొకటి కూడా వాళ్ళకి బాగా తెలుసు. నిండు క్యాను ఇబ్బంది పెట్టదు, సగం క్యానే ఇబ్బంది పెడుతుంది. లోపల పాలు ఊగి, బండి వంగిన వైపుకే వచ్చి ఇంకాస్త నెడతాయి. పానాలకీ ఇదే లెక్క, డబ్బాలో ఏదీ కదలకూడదు.

కాబట్టి ట్రంకు పెట్టె మాట మర్చిపో. మేడ మీద నీళ్ళ పనికి తెచ్చిన పీవీసీ పైపులో ముక్క మిగిలింది కదా, 110 మిల్లీమీటర్లది, అది చాలు. మన సామానులో అన్నిటికన్నా పొడుగైనవి టైరు ఊడదీసే లీవర్లు, ఒక అడుగుంటాయి. పైపు 40 సెంటీమీటర్లు కోసుకుంటే అవి హాయిగా పడతాయి. బయటి దేశాల్లో ట్రాక్టర్ల మీద కాగితాలు దాచుకునే ప్లాస్టిక్ గొట్టాలు అమ్ముతారు. మోటారుసైకిళ్ళ వాళ్ళు వాటిని కొనుక్కుని ఇలాగే టూల్స్ పెట్టుకుంటారు. మనది కొనే పని కూడా లేదు.

ఈ పీవీసీ పుట్టుక భలే తమాషా. 1872లో జర్మనీలో యూజెన్ బౌమన్ అనే రసాయన శాస్త్రవేత్త వినైల్ క్లోరైడ్ అనే వాయువు ఉన్న గాజు బుడ్డిని ఎండలో వదిలేశాడు. లోపల తెల్లటి గట్టి పదార్థం తయారైంది. వంచితే విరిగేది, కాస్తే చెడిపోయేది, ఎవరికీ దేనికీ పనికిరాలేదు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ దాన్ని మెత్తపరిచే ఉపాయం కనిపెట్టాకే దానికి గిరాకీ వచ్చింది. ఎండ పుట్టించిన ఈ పదార్థానికి ఎండే శత్రువు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే పైపు రంగు వెలిసి పెళుసెక్కుతుంది. అందుకని గరుకు కాగితంతో పైపు మీద నునుపు పోయేలా రుద్ది రంగు వెయ్యి. బండి నల్లగా ఉంది కాబట్టి గొట్టమూ నల్లగా ఉండాలనకు, మే నెలలో లోపల సామాను ఉడికిపోతుంది. లేత రంగు వేసుకో.

ఒక చివర మూతని సొల్యూషన్‌తో అతికించెయ్యి. అది జిగురు కాదు నాన్నా. అందులోని ద్రావకం పైపు పైపొరనీ మూత లోపలి పొరనీ కరిగిస్తుంది, రెండూ కలిసిపోతాయి, ద్రావకం ఆరిపోయాక అది ఒకే ముక్క. అందుకే పూసిన వెంటనే తోసి, పావు చుట్టు తిప్పి, కాసేపు పట్టుకోవాలి. ఊదడం, విసరడం లాంటి తొందరపాటు పనులు చెయ్యకు, మర్నాటి దాకా వదిలెయ్. రెండో చివరకి మర మూత పెట్టుకో.

ఏ మూత ముందుకి ఉండాలంటావు? బ్రేకు వేస్తే లోపలి సామాను ముందుకి దూసుకుపోతుంది. మన చిన్న బండి గట్టిగా బ్రేకు వేసినంత ఉధృతంగా ఎప్పటికీ వేగం అందుకోలేదు. కాబట్టి పెద్ద దెబ్బ ఎప్పుడూ ముందు మూతకే తగులుతుంది. అతికించిన మూత ముందుకి, మర మూత వెనక్కి. వానలో ఎదురొచ్చే నీళ్ళు కూడా అప్పుడు మర మీద కొట్టవు.

ఇక ఎక్కడ బిగించాలి? కుడి పక్కన సైలెన్సరు ఉంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, ఇంజను నుంచి దిగే గొట్టం వేడి దానికి ఎన్నో రెట్లు. ఆ వైపు ఆలోచనే వద్దు. ఇంజను ముందు లెగ్ గార్డుకి కట్టుకునే వాళ్ళున్నారు. అది కిందకే ఉంటుంది, మంచిదే గానీ మనది గాలితో చల్లబడే ఇంజను, రెక్కలకి గాలి అడ్డుకుంటే అది ఉడుకుతుంది. మిగిలింది ఎడమ పక్క చీర గార్డు. మన బండ్లకి మామూలుగా కనపడే ఈ కమ్మీల జాలీ మనకి బాగా కలిసొచ్చింది. దాన్ని పీకేసి గొట్టం పెడదామనుకునేవు సుమా! 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని చెబుతోంది. పైగా మీ నాయనమ్మ ఒక పక్కకి కూర్చుని కాళ్ళు పెట్టుకునేది అక్కడే. ఆవిడ పాదానికీ చీర కుచ్చెళ్ళకీ తగలకుండా, ఫుట్‌రెస్టుకి వెనగ్గా కిందకి జరిపి బిగించాలి. ముందు ఆవిణ్ణి ఎక్కించి చూసుకో, తర్వాతే బెజ్జాలు వెయ్యి. ఇండికేటరూ నంబరు ప్లేటూ మరుగున పడకూడదని చెప్పనక్కర్లేదనుకుంటా.

గార్డు ఫ్రేముకి బిగించి ఉంటుంది. స్ప్రింగుల పైన ఉండే భాగం అది, గుంత తగిలినా షాక్ అబ్జార్బర్లు సగం దెబ్బ తినేశాకే గొట్టానికి అందుతుంది. చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కి మాత్రం ఏదీ కట్టకు. అక్కడ పెట్టిన ప్రతి కిలో చక్రంతో పాటు ఎగిరెగిరి పడుతుంది, చక్రం రోడ్డుని సరిగ్గా అంటిపెట్టుకోదు. బిగించాక ఇద్దరు మనుషులు ఎక్కి గట్టిగా కుదిపి చూడండి. స్ప్రింగు పూర్తిగా అణిగినా గొట్టానికీ కింద కదిలే వాటికీ మధ్య వేళ్ళు దూరేంత ఖాళీ మిగలాలి.

ఇప్పుడు అసలు రాక్షసి దగ్గరికి వద్దాం. బరువూ కాదు, వేడీ కాదు, అదురు. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకి వంద. ఒకే సిలిండరు, పైకీ కిందకీ ఉరికే ఒకే పిస్టను, ప్రతి చుట్టుకీ బండి మొత్తం ఒకసారి వణుకుతుంది. గంట ప్రయాణంలో 3,60,000 వణుకులు. గొట్టంలో పానాలు వదులుగా పడేశావనుకో, చేటలో చెరిగినట్టు చెరుగుతుంది. ఇనుము ఇనుమును ఒరుసుకుంటుంది, పంచరు సొల్యూషను ట్యూబుకి చిల్లి పడుతుంది. పాత లుంగీ ఒకటి తీసుకుని, పానాలు ఒక్కొక్కటీ విడివిడిగా మడతలో పెట్టి, చాపలా చుట్టి, బిగించి దూర్చు. చివర మిగిలిన ఖాళీలో ఇంకో గుడ్డ కుక్కు. రోడ్డు పక్కన పని చేసేటప్పుడు నేల మీద పరుచుకోవడానికి ఆ లుంగీయే, చేతులు తుడుచుకోవడానికి ఆ గుడ్డే.

అదురుకి నట్లు ఎందుకు వదులవుతాయో 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు తేల్చి చూపించాడు. అప్పటిదాకా బోల్టుని నిలువునా లాగే బలాలే దోషులని ఎక్కువగా అనుకునేవాళ్ళు. అడ్డంగా, పక్కకి జరిపే కదలికే అసలు దొంగ. బిగించిన రెండు ముక్కలు పక్కకి రవ్వంత జారినప్పుడు మరల మధ్య పట్టు సడలుతుంది, ఆ క్షణంలో నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. మనకి తెలిసిన స్ప్రింగ్ వాషర్లు అలాంటి పరీక్షల్లో పెద్దగా ఆదుకోలేదు. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు దొరుకుతుంది, నైలాక్ నట్టు అంటే ఏ హార్డ్‌వేర్ కొట్టువాడైనా ఇస్తాడు. ఆ రింగు మరని ఒరుసుకుని పట్టుకుంటుంది. కాస్త వదులైనా ఊడి రోడ్డున పడదు. ఒకసారి విప్పితే మళ్ళీ కొత్తదే వేసుకో, రూపాయల్లో పని.

పట్టీల సంగతి ఇంకా ముఖ్యం. గొట్టాన్ని గార్డుకి దూరంగా, పొడుగాటి రేకు ముక్క మీద నిలబెట్టావంటే అది తోకలా ఊగుతుంది. ఒక కొన మాత్రమే పట్టుకున్న పట్టీ పొడవు సగానికి తగ్గిస్తే అది ఎనిమిది రెట్లు బిర్రెక్కుతుంది. కొంచెం కురచ చేస్తే ఎంత లాభమో చూశావా! అందుకని పట్టీ ఎంత కురచగా ఉంటే అంత మంచిది, కనీసం రెండు చోట్ల, గొట్టం రెండు కొసల దగ్గరా పట్టుకోవాలి. క్లాంపుకీ పైపుకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క వెయ్యి. ఎండకి పీవీసీ ఇనుము కన్నా చాలా ఎక్కువ సాగుతుంది, ఆ సాగుదలకి రబ్బరు చోటిస్తుంది, అదురునీ కొంత మింగుతుంది.

గాలి కూడా చొరబడకుండా మూసేస్తానన్నావు, నీళ్ళు రావని. అదే జరగని పని. ఆ గొట్టం లోపల సుమారు మూడున్నర లీటర్ల గాలి పడుతుంది. ఎండలో నిలబెట్టినప్పుడు 60 డిగ్రీలకి కాగిందనుకో, ఉబ్బిన గాలి మర సందుల్లోంచి మెల్లగా బయటికి పోతుంది. సాయంత్రం గాలివాన వచ్చి ఒక్కసారిగా 27 డిగ్రీలకి దిగితే లోపలి గాలి పదోవంతు ముడుచుకుంటుంది. ఆ లోటు, గ్లాసున్నర, బయట నుంచి పీల్చుకుంటుంది. ఆ క్షణంలో మూత మర చుట్టూ ఉన్నది గాలి కాదు, వాన నీళ్ళు! అవే లోపలికి. గొట్టం ముందు కొసని ఓ వేలెడు కిందకి వంచి బిగించి, అట్టడుగున ఒక చిన్న బెజ్జం వెయ్యి. గాలి అటునుంచి వచ్చిపోతుంది, దారి తప్పి వచ్చిన నీళ్ళూ అటునుంచే కారిపోతాయి. తడవకూడనివి ఒక్కొక్కటీ జిప్ సంచుల్లో పెట్టుకుంటే సరి. మర మూతకి కాస్త వాజెలిన్ రాస్తే దుమ్ముకి పట్టేయకుండా ఉంటుంది.

సామాను సంగతి. ముందుగా వెనక చక్రం ఇరుసు నట్టు సైజు చూసుకుని దానికి సరిపడే పానా పెట్టుకో, అది కంపెనీ సంచీలో ఉంటుందనుకోకు. పానా పొట్టిదైతే దాని కాడకి తొడుక్కునే జీఐ పైపు ముక్క ఒకటి వెయ్యి. కాడ రెండింతలైతే అదే చెయ్యి రెండింతల బలం చూపిస్తుంది. ట్యూబ్‌లెస్ టైరైతే రబ్బరు స్ట్రిప్పులూ సూదీ గాలి పంపూ, ట్యూబు టైరైతే లీవర్లూ ఒక కొత్త ట్యూబూ అదే పంపూ. పంచరు సొల్యూషను సీలు విప్పనిదే పెట్టు. ఒకసారి విప్పాక దానిలో ద్రావకం మూత సందుల్లోంచే ఎగిరిపోయి, అవసరానికి ఎండిన పెచ్చు మిగులుతుంది. స్పార్క్ ప్లగ్, ఫ్యూజులు, కాస్త బైండింగ్ వైరు. క్లచ్ కేబుల్‌కి గొట్టంలో చోటెందుకు? కొత్త కేబుల్‌ని పాతదాని పక్కనే, అదే దారిలో పరిచి ట్యాగులతో కట్టెయ్. పాతది తెగిన నాడు కొసలు మార్చడమే పని. దూరాలు తిరిగేవాళ్ళు చేసే పని ఇది, నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది కూడా ఇదే.

టార్చిలో సెల్లు ఒకటి తిరగేసి పెట్టు. అదురుకి మీట దానంతటది నొక్కుకున్నా కరెంటు పారదు.

దెబ్బలకి దూదీ గాజుగుడ్డా, సాగే కట్టు, చేతి తొడుగులు, ఓఆర్ఎస్ పొట్లాలు గొట్టంలో ఉండొచ్చు. మందులు మాత్రం వద్దు. చాలా మాత్రల అట్టల మీద 25 లేక 30 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది, మన గొట్టం వేసవిలో ఏ పూటా ఆ మాట వినదు. రోజూ వేసుకునేవి జేబు సంచీలో పెట్టుకో. పవర్ బ్యాంకూ అంతే. చైనుకి కొట్టే స్ప్రే డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని ఉంటుంది, అది ఇంట్లోనే ఉండనీ. ఇక సీసాలో పెట్రోలు పెడతానన్నావంటే గొట్టం నేనే పీకేస్తాను. పెట్రోలు సున్నాకి 40 డిగ్రీలు కింద కూడా అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, గొట్టం అడుగున చేరి కూర్చుంటుంది. బండికి రిజర్వు ఎందుకిచ్చాడు మరి?

మూత లోపలి వైపు ఒక కాగితం అంటించు. నీ బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు, 108, 112. ఆ 108 బండి మన దగ్గరే, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. నీకు నోరు పెగలనప్పుడు చదివేది వేరేవాళ్ళు కదా, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి, పైన పారదర్శక టేపు వెయ్యి.

అన్నీ కూర్చి మీ నాయనమ్మ వంటింటి కాటా మీద తూచు. మూడు కిలోలు దాటితే ఏదో ఒకటి తీసెయ్, గార్డు కమ్మీలు నీ కోసం చేసినవి కావు. శ్రీశైలం వెళ్ళే ముందు వారం రోజులు మన ఊళ్ళోనే తిరుగు. బిగించిన నట్ల మీద తెల్ల రంగుతో ఒక్కో గీత గియ్యి, సగం నట్టు మీద, సగం పట్టీ మీద. రోజూ సాయంత్రం చూడు. గీత విరిగిందంటే ఆ నట్టు తిరిగిందన్నమాట, పదో నంబరు పానా పట్టుకుని నా దగ్గరికి రా.