టర్బైను దాటిన నీటిలో సారం తగ్గుతుందా?

"కరెంటు తీసేసిన నీటిలో సారం ఉండదు" అనే మాట విస్తరణ శాస్త్రవేత్తలకు ఆయకట్టు గ్రామాలలో అప్పుడప్పుడు ఎదురవుతూనే ఉంటుంది. దీనిని మూఢనమ్మకమని తోసిపుచ్చడం సులభం. అయితే టర్బైను నీటి నుంచి ఏమి తీసుకుంటుందో, ఏమి తీసుకోదో చెప్పగలిగినప్పుడే రైతుకు తృప్తి కలుగుతుంది.

టర్బైను తీసుకునేది ఎత్తు నుంచి పడే నీటికి ఉన్న శక్తిని మాత్రమే. ఒక టీఎంసీ నీరు 80 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, 90 శాతం సామర్థ్యంతో సుమారు 55 లక్షల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. అదే నీరు స్పిల్‌వే మీదుగా దూకితే ఆ శక్తి నురుగులోను, హోరులోను వృథా అయి చివరకు వేడిగా మారుతుంది. నీటి ఉష్ణోగ్రత 0.2 డిగ్రీలైనా పెరగదు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, నైట్రేట్లను టర్బైను తీసివేయదు.

అలాగని పెద్దల అనుభవం పూర్తిగా అబద్ధమూ కాదు. వెనుకటి వరద నీటితో పొలాలకు చేరిన ఒండ్రు ఇప్పుడు చేరడం లేదు. దానికి కారణం టర్బైను కాదు, జలాశయం. ప్రవాహం నెమ్మదించిన చోటనే ఒండ్రు అడుగున పేరుకుంటుంది.

నీటి ఎత్తును, పరిమాణాన్ని బట్టి టర్బైను రకం మారుతుంది. కర్ణాటకలోని శరావతి వంటి ఎత్తైన జలపాత ప్రాంతాలలో పెల్టన్ చక్రాన్ని వాడుతారు. సన్నని నాజిల్ నుంచి వేగంగా వచ్చే ధార చక్రం అంచున ఉన్న దోనెలను కొట్టి తిప్పుతుంది. శ్రీశైలం కుడిగట్టున ఉన్న ఏడు 110 మెగావాట్ల యూనిట్లు ఫ్రాన్సిస్ రకానివి. ఇందులో నీరు చుట్టూ నుంచి లోపలికి ప్రవేశించి, రెక్కలను నెట్టి, ఇరుసు వెంట కిందికి పోతుంది. ఎత్తు తక్కువగా, ప్రవాహం ఎక్కువగా ఉన్న చోట ఓడ పంకాను పోలిన కప్లాన్ తగినది. ప్రవాహం మారినప్పుడు దీని రెక్కల కోణాన్నీ మార్చవచ్చు. థర్మల్ కేంద్రంలో నీటి ధారకు బదులు ఆవిరి, గాలిమరలో గాలి ఈ పని చేస్తాయి. చివరకు అన్నింటిలోను జరిగేది ఒక్కటే: అయస్కాంత క్షేత్రం, తీగచుట్టలలో ఒకటి రెండవదాని ఎదుట తిరుగుతుంది, తీగలో విద్యుత్తు పుడుతుంది.

రైతుకు నిజంగా సంబంధించినది నీటి సారం కాదు, విడుదల సమయం. నాగార్జునసాగర్ కుడి కాలువ తలవద్ద ఉన్న 90 మెగావాట్ల కేంద్రంలో యంత్రాలు తిరిగేది కాలువకు నీరు వదిలినప్పుడే. అక్కడ పంటే యజమాని, విద్యుత్తు అదనపు ఫలం. నదిలోకి నీరు వదిలే కేంద్రాలలో మాత్రం విడుదల గ్రిడ్ అవసరాన్ని అనుసరిస్తుంది. సాయంత్రం దీపాలు వెలిగే వేళకు, నాట్ల వేళకు పొత్తు కుదరాలన్న నియమం లేదు. నష్టాలను లెక్కించకుండా, వరికి 1200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే ఒక టీఎంసీ సుమారు 5,800 ఎకరాలకు సరిపోతుంది. 55 లక్షల యూనిట్లను ఈ అంకె పక్కన పెట్టి చూడాలి.

శ్రీశైలం ఎడమగట్టున ఉన్న ఆరు 150 మెగావాట్ల యూనిట్లు రివర్సిబుల్ రకానివి. గ్రిడ్‌లో మిగులు ఉన్నప్పుడు అవే పంపులుగా మారి నీటిని తిరిగి పైకి ఎక్కించగలవు. ఇలాంటి ఏర్పాటులో పంపింగుకు ఖర్చయిన 100 యూనిట్లలో సుమారు 75 మాత్రమే తిరిగి వస్తాయి.

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. 854 అడుగులకు దిగువన పోతిరెడ్డిపాడు తూముల ద్వారా రాయలసీమకు వెళ్లే ప్రవాహం బాగా తగ్గిపోతుంది. టర్బైన్లు అంతకంటే తక్కువ మట్టంలోనూ తిరుగుతాయి. అలా దిగువకు వెళ్లిన నీరు, పంపులతో తిరిగి ఎక్కించినంత మేరకు తప్ప, ఆ తూములకు మళ్లీ అందదు.