వాగులోని పురుగులు చెప్పే నీటి సంగతి

నీరు తేటగా ఉంటే మంచిదేనని పొలానికి పారిస్తాం. కానీ సీసం, కాడ్మియం, రాగి, క్రోమియం వంటి భార లోహాలు నీటిలో కరిగి ఉన్నా కంటికి కనిపించవు. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పరిశ్రమల వ్యర్థాలతో కలుషితమై, నష్టపోయిన రైతుల సమస్య సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంతదాకా రాకముందే అనుమానించడానికి ఒక ఆధారం ఉంది. అదే నీటి పురుగులు.

లోహాలు పురుగులను ఎలా దెబ్బతీస్తాయి?

మేఫ్లై పిల్ల పురుగులు రాళ్ల కింద ఉంటాయి. వీటికి సాధారణంగా మూడు సన్నని తోకలు, పొట్టకు ఇరువైపులా మొప్పలు ఉంటాయి. రాగి, కాడ్మియం వంటివి ఆ మొప్పల ద్వారా, తినే నాచు ద్వారా ఒంట్లోకి చేరతాయి. ఎదుగుదల తగ్గి, ముందుగా చనిపోయేవి ఇవే. బురదలో బతికే ఎర్రని సన్న పురుగులు మాత్రం చాలావరకు తట్టుకుంటాయి.

లోహాలు కుళ్లిపోవు. అడుగు మట్టిలో పేరుకుని, పురుగుల నుంచి చేపలకు చేరతాయి. తూనీగ పిల్లలు నీటిలోనే పెరుగుతాయి. అవి తగ్గితే వరిలో సుడిదోమను, ఆకుముడత రెక్కల పురుగులను తినే తూనీగలూ తగ్గుతాయి.

మీరే చూసుకోండి

వరద లేని రోజుల్లో, చేతి తొడుగులు వేసుకుని, పారే నీటిలోని అయిదారు రాళ్లు తిప్పి చూడండి. అంటుకున్న పురుగులను తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి వదలండి. రకరకాల పురుగులు ఉంటే మంచి గుర్తు. ఎర్ర పురుగులే ఉన్నా, అసలేమీ లేకున్నా అనుమానించాలి. అయితే మురుగునీరు, పురుగుమందు కలిసినా ఇలాగే అవుతుంది. కారణం తేల్చేది ప్రయోగశాల పరీక్షే.

తీసుకోవలసిన జాగ్రత్తలు

• అనుమానం ఉన్న చెరువు పూడిక మట్టిని పరీక్ష చేయించకుండా పొలానికి తోలకండి. ఒకసారి కలిసిన లోహాన్ని మళ్లీ తీయడం చాలా కష్టం.
• మామూలు భూసార పరీక్షలో సీసం, కాడ్మియం చూడరు. భార లోహాల పరీక్ష కావాలని విడిగా అడగండి. మట్టి నమూనాను ప్లాస్టిక్ లేదా కర్ర పనిముట్టుతో తీయండి.
• ఫలితం వచ్చేదాకా ఆ నీటితో పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు పండించకండి. ఆకుల్లో కాడ్మియం ఎక్కువగా చేరుతుంది. పశువులకూ ఆ నీరు తాగించకండి.
• కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టిన స్ప్రేయర్‌ను వాగులో, కాలువలో కడగకండి. అందులోని రాగి కూడా ఈ పురుగులకు విషమే.
• వ్యర్థాలు వదులుతున్నట్టు గమనిస్తే తేదీ, చోటు రాసుకుని, ఫోటోలు తీసి, ఊరివాళ్లంతా కలిసి కాలుష్య నియంత్రణ మండలికి లిఖితంగా ఫిర్యాదు చేయండి.

ఏడాదికి రెండుసార్లు, వానాకాలం ముగిశాక ఒకసారి, వేసవికి ముందు ఒకసారి, ఒకే చోట రాళ్లు తిప్పి కనిపించినవి రాసి పెట్టుకోండి. గతంలో ఉన్న పురుగు ఇప్పుడు లేదంటే, పంట దెబ్బతినేదాకా ఆగకుండా నీటిని పరీక్షకు పంపండి.