మీకు తెలుసా? ఇంజిన్ మారిస్తే పెట్రోలు పంపు సంగతేమిటి?

పాత జిప్సీలోకి, ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ ఎక్కించాలనుకునేవాళ్లు గేర్‌బాక్సు కలుస్తుందా, మౌంటింగులు సరిపోతాయా అని నెలల తరబడి ఆలోచిస్తారు. ఆర్టీవో అనుమతి గురించీ ఆలోచించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అది తప్పనిసరి. పెట్రోలు పంపు మాత్రం ఆఖర్న గుర్తొస్తుంది. బండి నడవాలన్నా, మంటలు అంటుకోకుండా ఉండాలన్నా ముందు తేల్చుకోవాల్సింది దాని సంగతే.

1996లో వచ్చిన 1298 సీసీ జిప్సీ కింగ్‌కు ఉన్నది కార్బొరేటర్. దానికి పెట్రోలు అందించేది సిలిండర్ హెడ్డుకు బిగించిన మెకానికల్ పంపు. షెడ్డుల్లో ఏసీ పంపు అంటారు. కామ్‌షాఫ్ట్ తిరిగే కొద్దీ దాని ఆర్మును నొక్కుతుంది, ఆర్ము డయాఫ్రమ్‌ను లాగుతుంది, ట్యాంకులోంచి పెట్రోలు వస్తుంది. తిరిగి బయటికి తోసేది మాత్రం కామ్ కాదు, లోపలున్న స్ప్రింగు. కార్బొరేటర్ నిండి నీడిల్ మూసుకోగానే స్ప్రింగు ఇక తోయలేదు, డయాఫ్రమ్ ఉన్నచోటే ఆగిపోతుంది. రెగ్యులేటర్ లేదు, వైరు లేదు, ఫ్యూజు లేదు. నాకు ఈ పంపంటే ఎంతో గౌరవం.

కానీ అది ఇచ్చే ఒత్తిడి మహా అయితే ఐదారు పీఎస్‌ఐ. ఇంజెక్టర్లకు అది ఏమూలకూ చాలదు. వాటికి 40 పీఎస్‌ఐ దాకా కావాలి, కొన్నిటికి ఇంకా ఎక్కువ. అమెరికాలో పాత కార్లలోకి విరివిగా ఎక్కించే షెవర్లే ఎల్‌ఎస్ ఇంజిన్లకైతే సుమారు 58. 1955 నాటి షెవర్లే స్మాల్ బ్లాక్ ఇంజిన్ పక్కన పంపు బిగించే చోటు ఉండేది. 1997లో వచ్చిన ఎల్‌ఎస్‌1కి కంపెనీ ఆ చోటే ఇవ్వలేదు. కాబట్టి ఇంజెక్షన్ ఇంజిన్ తెస్తే ఎలక్ట్రిక్ పంపు తప్పదు. ఆ ఒత్తిడికి తట్టుకునే హోసులు, క్లిప్పులు కూడా మార్చాల్సిందే.

ఎలక్ట్రిక్ పంపు తోయడంలో దిట్ట, పీల్చడంలో బలహీనం. ఇంజిన్ దగ్గర పెడితే ట్యాంకు నుంచి పీల్చలేక అరుస్తుంది, త్వరగా పాడవుతుంది. ట్యాంకు లోపలే ఉంటే చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. పైగా లైనంతా ఒత్తిడిలో ఉంటుంది కనుక ఎండాకాలం ఇంజిన్ వేడికి పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయే బాధ బాగా తగ్గుతుంది. ఇంకో సంగతి, పాత ట్యాంకుల్లో చాలావాటికి పంపు చుట్టూ అడ్డుగోడలుండవు. మలుపులో పెట్రోలు పక్కకు పోతే పంపు గాలి పీలుస్తుంది. కార్బొరేటరైతే గిన్నెలో ఉన్నదానితో నెట్టుకొస్తుంది. ఇంజెక్టర్లకు ఆ నిల్వ లేదు, ఇంజిన్ వెంటనే తడబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది ప్రాణభద్రత. మెకానికల్ పంపు ఇంజిన్ ఆగితే తానూ ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపును నేరుగా తాళం స్విచ్చుకు కలిపేస్తే, ప్రమాదంలో పైపు తెగి ఇంజిన్ ఆగిపోయినా అది పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. దయచేసి అలా కలపకండి, కలపనివ్వకండి. ఇంజెక్షన్ ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, అంటే ఈసీయూ, నడిపే రిలే ద్వారానే కరెంటు ఇవ్వాలి. తాళం తిప్పగానే ఈసీయూ పంపును ఒకట్రెండు క్షణాలు నడిపి, ఇంజిన్ తిరగకపోతే ఆపేస్తుంది. ఈసీయూ లేని కార్బొరేటర్ బండికి ఎలక్ట్రిక్ పంపు పెడితే, గుద్దుకున్నప్పుడు కరెంటు తెంపే ఇనర్షియా స్విచ్చు గానీ, ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఆపే స్విచ్చు గానీ ఉండి తీరాలి. పంపు కూడా తక్కువ ఒత్తిడిదే ఉండాలి, లేదంటే రెగ్యులేటర్ పెట్టాలి. లేకపోతే నీడిల్‌ను తోసుకుని పెట్రోలు పొంగుతుంది.

కార్బొరేటర్ ఇంజిన్ తీసి మరో కార్బొరేటర్ ఇంజినే పెడుతున్నారా? పంపు బిగించే చోటుంటే మెకానికల్‌తోనే ఉండండి అంటాను. కాకపోతే పాత పంపును అలాగే నమ్మొద్దు. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు కొడుతుంటే పంపూ ఆయిలూ రెండూ మార్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి.