వెండి నీళ్లు తాగితే మొండి ఇన్ఫెక్షన్ తగ్గుతుందా?

పట్టాభిరామ్: మన తెలుగు ఇళ్లలో వెండికి ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. పసిబిడ్డకు ఉగ్గు పెట్టేది వెండి గిన్నెతోనే. అన్నప్రాశనకు వెండి చెంచానే. ఆ నమ్మకానికి తగ్గట్టే ఇప్పుడు ‘కొల్లాయిడల్ సిల్వర్’ అనే సీసా మందు గురించి కూడా మాట వినబడుతోంది. యాంటీబయాటిక్స్‌కు లొంగని క్రిములను సైతం ఇది చంపుతుందన్నది అమ్మేవాళ్ల ప్రచారం. షుగర్ వల్ల కాలి పుండు మానని పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ మాట వింటే ఆశ పుట్టడం సహజం. అందుకే ఇందులో నిజమెంతో, ప్రమాదమెంతో చూద్దాం.

ఏమిటీ మందు?

కంటికి కనబడనంత సన్నని వెండి రేణువులను నీటిలో తేలేటట్టు చేసిన ద్రవమే ఇది. వెండి క్రిములను చంపుతుందన్న మాట అబద్ధం కాదు. దాని నుంచి విడుదలయ్యే అయాన్లు బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీసి, లోపలి ప్రోటీన్లకు అంటుకుని వాటి పనిని ఆపేస్తాయి. 1880ల్లో జర్మనీ వైద్యుడు కార్ల్ క్రెడే అప్పుడే పుట్టిన బిడ్డల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి ఎందరికో చూపు పోకుండా కాపాడారు. 1968లో వచ్చిన సిల్వర్ సల్ఫాడయాజిన్ పూత మందును నేటికీ కాలిన గాయాలకు వాడుతున్నారు.

పూయడం వేరు, తాగడం వేరు

పైన పూసినప్పుడు వెండి నేరుగా క్రిమిని తాకుతుంది. తాగినప్పుడు అలా కాదు. కడుపులోని ఆమ్లంలో ఉండే క్లోరైడ్‌తో వెండి కలిసి కరగని పదార్థంగా మారుతుంది. రక్తంలోకి చేరిన కొద్దిపాటి వెండి కూడా ప్రోటీన్లకు అంటుకుపోతుంది. 2013లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు వెండిని యాంటీబయాటిక్‌తో కలిపి ఇస్తే మందు బలం పెరుగుతుందని చూపారు. అయితే అది ఎలుకల మీద చేసిన ప్రయోగం. యాంటీబయాటిక్ మానేసి వెండి తాగమని అది చెప్పలేదు.

నష్టం ఏమిటి?

ఎక్కువ కాలం తాగితే వెండి చర్మంలో పేరుకుని, ఒళ్లు నీలి బూడిద రంగుకు మారుతుంది. దీన్ని ఆర్జీరియా అంటారు. సాధారణంగా ఆ రంగు మళ్లీ పోదు. అమెరికాలోని మోంటానా రాజకీయ నాయకుడు స్టాన్ జోన్స్ కథ ఇదే. 2000 సంవత్సరంలో కంప్యూటర్లు ఆగిపోతే యాంటీబయాటిక్స్ దొరకవేమోనని భయపడి, ఇంట్లోనే వెండి నీళ్లు చేసుకుని తాగి నీలంగా మారిపోయారు. 1999లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇలాంటి మందులు ఏ జబ్బుకూ సురక్షితమనీ పనిచేస్తాయనీ గుర్తించలేమని ప్రకటించింది.

ఇంకో చిక్కు ఉంది. వెండి కొన్ని యాంటీబయాటిక్స్‌ను, థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టకుండా చేయగలదు. అంటే డాక్టరు రాసిన మందు కూడా వృథా అవుతుంది.

వెండికి క్రిములు ఎప్పటికీ లొంగుతాయన్న మాట కూడా నిజం కాదు. సిల్వర్ నైట్రేట్‌కూ కొన్ని యాంటీబయాటిక్స్‌కూ కలిపి లొంగని సాల్మొనెల్లా గురించి 1975లోనే వైద్య పత్రికలో వచ్చింది. అది కనబడింది వెండి మందు వాడే కాలిన గాయాల వార్డులోనే.

మన చెన్నైకి ఇది పరాయి కథ కాదు

2010లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారసామి, విదేశీ పరిశోధకులతో కలిసి ఎన్‌డీఎం-1 అనే నిరోధక జన్యువు ఉన్న క్రిముల గురించి రాశారు. వాటిలో 44 నమూనాలు చెన్నైవే. 2012లో దేశంలోని వైద్య సంఘాలు ఇక్కడే కూడి ‘చెన్నై డిక్లరేషన్’ తెచ్చాయి. ఆ తర్వాత 2014 మార్చి 1 నుంచి హెచ్1 నిబంధన అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్స్ అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు ఎంత ఇచ్చారో అంగడివాళ్లు రిజిస్టరులో రాయాలి.

మనం చేయవలసింది

పుండు మానకపోయినా, జ్వరం తగ్గకపోయినా ‘కల్చర్ పరీక్ష చేయాలా?’ అని డాక్టరును అడగండి. ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో అందులో తెలుస్తుంది. ఒక మందుకు లొంగని క్రిమి మరో మందుకు లొంగవచ్చు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనవద్దు. రాసినన్ని రోజులూ వాడండి. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే వెండి నీళ్లు తాగుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. షుగర్ ఉన్నవారి కాలు నల్లబడినా, వాసన వచ్చినా, చలిజ్వరం పట్టినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వెండి గిన్నెతో ఉగ్గు పెట్టడం మన ముచ్చట. దాన్ని అలాగే ఉంచుకుందాం. సీసాలోని వెండిని నమ్మి అసలు వైద్యం ఆలస్యం చేస్తే మాత్రం పోయేది డబ్బు ఒక్కటే కాదు, కాలు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.