బోనులో పడిన బూడిదరంగు ఉడత

బ్రిటన్‌లో ఇంటి వెనక తోటలో ఉడత గెంతుతుంటే తెలుగువారికి రామసేతువు కథ గుర్తుకు రాకుండా ఉండదు. కానీ ఆ ఉడత వీపు మీద రాముడి వేళ్ల గుర్తులుండవు. మన చారల ఉడతకూ, పిల్లికూన అంత ఉండి బూడిదరంగులో మెరిసే ఆ ఉడతకూ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. మనకు తెలిసిన ఉడతే కదా అనుకోవడంతోనే అపోహలు మొదలవుతాయి.

అది ఇంగ్లండ్ అడవుల సొంతబిడ్డ అని అక్కడివారిలోనే చాలామంది అనుకుంటారు. నిజానికి దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతం. బ్రిటన్‌లో దాన్ని వదిలినట్టు మనకు తెలిసిన తొలి దాఖలా 1876 నాటిది. చెషైర్‌లోని హెన్‌బరీ పార్కులో థామస్ బ్రాకిల్‌హర్స్ట్ ముచ్చటపడి వదిలారు. తర్వాత వోబర్న్ ఎస్టేట్ నుంచి బెడ్‌ఫర్డ్ డ్యూక్ వాటిని ఊరూరా కానుకలుగా పంచారు. ఈనాడు వాటి సంఖ్య దాదాపు 27 లక్షలని అంచనా. అసలు అక్కడి బిడ్డ అయిన ఎర్ర ఉడతలు మూడు లక్షల లోపే, అవీ ఎక్కువగా స్కాట్లండ్‌లోనే మిగిలాయి. బూడిదరంగు ఉడత తిండికి పోటీ పడటమే కాదు, తనను పెద్దగా బాధించని స్క్విరల్‌పాక్స్ వైరస్‌ను ఎర్ర ఉడతలకు అంటిస్తుంది. అది సోకిన ఎర్ర ఉడత సాధారణంగా రెండు మూడు వారాల్లోపే చనిపోతుంది. ఓక్, బీచ్ లాంటి ఎదిగే చెట్ల బెరడు ఒలిచేసి ఎండగొట్టడం మరో నష్టం.

హానికర జీవి కాబట్టి ఎవరైనా, ఎలాగైనా పట్టవచ్చన్నది రెండో అపోహ. చట్టం అంత సడలింపు ఇవ్వలేదు. బూడిదరంగు ఉడతకు వేట నిషేధ కాలమంటూ లేని మాట నిజమే. కానీ ఇంకొకరి భూమిలో పట్టాలంటే వారి అనుమతి ఉండాలి. ప్రాణం తీసే బోనైతే ప్రభుత్వం ఆమోదించిన రకమే వాడాలి. ఎర్ర ఉడతలు తిరిగే చోట అలాంటిది పెట్టనే కూడదు. ప్రాణంతో పట్టే బోనును రోజుకు ఒక్కసారైనా చూసి రావాలి. ఎర్ర ఉడతకు 1981 నాటి వన్యప్రాణుల చట్టం రక్షణ ఉంది. రంగు చూసి గుర్తుపడదామంటే కుదరదు, బూడిదరంగు ఉడతకూ వేసవిలో వీపు మీద, కాళ్ల మీద ఎరుపు జీర వస్తుంది.

బ్రిటన్‌లో ఉన్న ఆ మాత్రం సడలింపు చూసి మన దగ్గరా అంతేనని పొరబడకూడదు. నల్లమల చెట్ల మీద కనిపించే పెద్ద ఉడతకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని వేటాడటం నేరం.

అన్నిటికన్నా బలంగా పాతుకున్న అపోహ మాత్రం దయ పేరుతో వచ్చేది. అటక మీద చేరిన ఉడతను బోనులో పట్టి, కారెక్కించి, దూరంగా ఏదో పార్కులో వదిలేస్తే పుణ్యమని మెత్తని మనసున్నవారు అనుకుంటారు. బ్రిటన్‌లో అది నేరం. 1981 చట్టమే దాన్ని నిషేధించింది. కొన్నేళ్ల కింద వచ్చిన కొత్త నిబంధనలతో, గాయపడిన వాటికి వైద్యం చేసే సంస్థలకూ తిరిగి వదిలే వీలు పోయింది. అంటే బోను పెట్టే ముందే, పడిన ఉడత ప్రాణం తీయడానికి సిద్ధపడాలి. అదీ ఒక్క దెబ్బతో, అది బాధపడకుండా జరగాలి. 2010లో ఇంగ్లండ్‌లో ఒకాయన తన పక్షుల గింజలు తినే ఉడతను బోనులో పట్టి, బోనుతో సహా నీటిలో ముంచి చంపాడు. జంతు సంక్షేమ చట్టం కింద కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. ఉడతను చంపినందుకు కాదు, చంపిన తీరుకు. ఈ తేడా బోధపడితే ఆ చట్టం మొత్తం అర్థమైనట్టే. బోను పెట్టడానికి మనసొప్పనివారు అటకకు ఉన్న కంతలు పూడ్చుకోవడమే మేలు.

ఇక తినడం. ఎలుక జాతి కాబట్టి ఏవగింపు అంటారు. పళ్ల తీరును బట్టి ఎలుకా ఉడతా ఒకే వర్గంలోకి వస్తాయి గానీ కుటుంబాలు వేరు. అడవి ఉడత తిండి ఎక్కువగా ఓక్ కాయలు, బీచ్ గింజలు, హేజెల్‌నట్లు, మొగ్గలు. అమెరికా పల్లెల్లో ఉడత కూర పాత అలవాటే. ఇప్పుడు కోడి మాంసంతో వండే బ్రన్స్‌విక్ స్ట్యూ 1828లో వేటగాళ్ల గుడారంలో ఉడత మాంసంతోనే పుట్టిందని వర్జీనియావాళ్లు చెప్పుకుంటారు. లండన్‌లో ఫెర్గస్ హెండర్సన్ నడిపే సెయింట్ జాన్ రెస్టారెంట్ కూడా వండి పెట్టింది.

వంటలో మెళకువ ఉంది. ఉడత తూకం అర కిలో అటూ ఇటూ. మాంసమంతా వెనక తొడల్లో, నడుము దగ్గర. ఒక్కటి ఒకరికి సరిపోవడమే కష్టం. తోలు గట్టిగా అతుక్కుని ఉంటుంది, వెంట్రుక రాలి మాంసానికి పడుతుంది. ముందే తడిపి ఒలిస్తే కొంత నయం. కొవ్వు తక్కువ. లేతదైతే వేపుడుకు పనికొస్తుంది. ముదురుది నాటుకోడిలాంటిది, సన్న సెగ మీద గంటన్నర రెండు గంటలు మూత పెట్టి ఉడకనివ్వాలి. రుచి కుందేలు మాంసానికి దగ్గరగా, కాస్త తీపిగా ఉంటుంది. తుపాకీతో కొట్టినదైతే సీసం ముక్కలు వెతికి, గాయం చుట్టూ మాంసం కోసి పారేయాలి. ఎలుకల మందు పెట్టే చోట పట్టినదాన్ని వంటింటికి తేకూడదు.

చివరి అపోహ తినేవారిదే: మనం తింటే ఎర్ర ఉడతలు బతుకుతాయని. చంపిన మాంసాన్ని పారేయకుండా వండుకోవడం సబబైన పని, అందులో వాదన లేదు. కానీ సంఖ్య తగ్గాలంటే అక్కడక్కడా కూరకు పట్టడం చాలదు. 1953లో బ్రిటన్ ప్రభుత్వం తోకకు ఒక షిల్లింగ్ చొప్పున బహుమానం ప్రకటించింది. తోకలు లక్షల్లో వచ్చాయి, ఉడతలు మాత్రం తగ్గలేదు. 1958లో ఆ పథకం ఆపేశారు. ఖాళీ అయిన చోటికి పక్క అడవి నుంచి కొత్తవి చేరిపోతాయి మరి. వేల్స్‌లోని ఆంగిల్‌సీ దీవిలో 1998లో మొదలుపెట్టి, చెట్టు చెట్టూ గాలించి, బూడిదరంగు ఉడతలను ఏళ్ల తరబడి పట్టాకే దీవిలో అవి లేకుండా పోయాయి. ఎర్ర ఉడతలు మళ్లీ వందల్లోకి పెరిగాయి. ఐర్లండ్‌లో పైన్ మార్టెన్ అనే చెట్లెక్కే వేటజంతువు తిరిగొచ్చిన అడవుల్లో బూడిదరంగు ఉడతలు వాటంతటవే తగ్గాయి. ఆంగిల్‌సీలో పని ఇంకా ముగియలేదు. దీవిని ప్రధాన భూభాగం నుంచి వేరుచేసే మెనాయ్ జలసంధి మీది వంతెనలు దాటి బూడిదరంగు ఉడతలు మళ్లీ రాగలవు కనుక, ఆవలి ఒడ్డున బోన్లు ఉంచి కాపలా కాస్తూనే ఉన్నారు.