బొంతదానము

సంవత్సరమున కొకమాఱు పెట్టెలు దులుపుకొనునపుడు మనకెల్లరకును ఒక చిక్కు కలుగుచుండును. కట్టుటకు పనికిరానివి, పాఱవేయుటకు మనసొప్పనివి నాలుగైదు నూలుచీరలు అడుగున మిగిలియుండును. పాతబట్టలకు స్టీలుగిన్నెలిచ్చువాడు వీథిలో కేకవేసినపుడు వానికి వేసి గిన్నె పుచ్చుకొందుము. లేదా మసిగుడ్డలుగా చింపుకొందుము. మా అత్తగారి కాలమున ఈ రెండును గాక మూడవ మార్గమొకటి యుండెను. అదియే బొంత.

మా చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో బొంత నెఱుగని పెద్దలు లేరు. వేసవి మధ్యాహ్నములందు వసారాలో పాతచీరలను పొరలుగా పఱచి, చుట్టును ఇద్దఱు ముగ్గురు స్త్రీలు కూర్చుండి, మాటలాడుకొనుచునే కుట్టెడివారు. పురిటిబిడ్డ క్రింద పఱచుటకు అదియే, ముసలివారు కప్పుకొనుటకును అదియే. తిరుపతిలో ఎండ ప్రసిద్ధమే కాని, పలమనేరు, మదనపల్లె ప్రాంతములు సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మించిన ఎత్తున నుండుటచే మార్గశిర పుష్యమాసములలో అచటి చలి ఎముకలను తాకును. ఇప్పుడు బజారులో దుప్పట్లు చౌకయైనవి, బొంతలు అటకలెక్కినవి. వానిని పరులకొఱకు మఱల కుట్టుద మని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఐతే మొదట నేను చేసిన పొరపాటు చెప్పుకొనవలెను.

వైద్యమునకై తిరుపతికి రాయలసీమ నలుమూలలనుండి జనులు వత్తురు. రోగికి మంచముండును; తోడు వచ్చినవారికి నేలయే పక్క. ఒక శీతకాలమున అట్టి ఆవరణమొకదానిలో చెట్టుక్రింద పరుండిన వృద్ధురాలిని చూచి, ఇంటికి వచ్చి పదునైదు దినములు కూర్చుండి ఒక బొంత కుట్టితిని. దానిలో నాలుగు చీరలు, నడుమ గట్టిగా నుండుటకు గోనెపట్ట, పైన అందమునకై పాత పట్టుముక్కలు. ఆమె ఇంకను అచటనే యుండెను. సంతోషముతో అందుకొని కప్పుకొనినది. మూడవనాడు నేను పోగా దానిని చక్కగా మడిచి నా చేతికిచ్చి యిట్లనెను: "అమ్మా, మీ చేయి సల్లగుండ! కప్పుకుంటే ఎచ్చగా ఉండాది. కానీ దీన్ని నేనెట్ల ఉతికేది? తడిస్తే ఇద్దరు పట్టినా లేవదు. రేపు బస్సులో ఎట్ల మోసుకుపొయ్యేది?"

నాకు నోట మాట రాలేదు. నా పెట్టె ఖాళీ యగుటకు కుట్టితినే గాని, ఆమె భుజమును తలచి కుట్టలేదు.

ఆ రాత్రి నాకు కఠోపనిషత్తులోని కథ జ్ఞప్తికి వచ్చినది. వాజశ్రవసుడు సర్వస్వము దానము చేయుచుండగా, బాలుడైన నచికేతుడు ఆ గోవులను చూచెను. అవి పాలుడిగినవి, ఇక మేత మేయలేనివి, నీరు త్రాగలేనివి. ఇట్టివి ఇచ్చిన వానికి ఏ లోకము కలుగునని ఆ బాలుడు కలతచెందెను. పాతచీర దానమును అట్టి గోదానమే కాదా? ఆలోచింపగా ఒక భేదము తోచినది. చీర పాతది కావచ్చును. బొంత క్రొత్తది కావలెను. మన కక్కఱలేనిది ఇచ్చుటకును, మనకు పనికిరాని దానిని మన శ్రమచే ఎదుటివారికి పనికివచ్చునట్లు మార్చి యిచ్చుటకును చాల దూరము కలదు. గీతయందు సాత్త్విక దానమునకు దేశకాలపాత్రములు చెప్పబడినవి. బొంత విషయమున పాత్రమనగా మంచివాడా కాడా యని విచారించుట కాదు. వారు ఎచట పరుందురు, ఎట్లు ఉతుకుకొందురు, ఎంత దూరము మోయుదురు అని విచారించుటయే.

ఇట్లు విచారించి కుట్టు విధము చెప్పెదను. 6 గజముల చీర 18 అడుగుల పొడవు, సుమారు 45 అంగుళముల వెడల్పు ఉండును. దానిని మూడు మడతలు వేసిన 6 అడుగుల పొడవు, 3¾ అడుగుల వెడల్పు గల మూడు పొరలగును. రెండు చీరలు ఒకదానిపై నొకటి వేసిన ఆఱు పొరలు. పెద్దవారి కొకరికి ఇది చాలును. వెచ్చదనము గుడ్డ బరువులో లేదు. పొరల నడుమ నిలిచిన గాలిలో నున్నది. కావున నాలుగు చీరలు వేసిన నా బొంత రెండింతలు వెచ్చన కాలేదు, రెండింతలు బరువు మాత్రమైనది. గోనెపట్ట నీరు పీల్చి ఆఱక ముక్కవాసన కొట్టును. పట్టు ఉతుకునకు ఆగదు. పాలియెస్టరు చెమట పీల్చదు, నిప్పురవ్వ పడిన కరగి ఒంటి కంటుకొనును. నూలే శ్రేష్ఠము.

చీరను మొదట వేడినీట ఉతికి, గంజి పోగొట్టి, ఎండలో ఆఱవేయవలెను. పిదప వెలుతురునకు ఎదురుగా పట్టి, రెండు చేతులతో లాగి చూడవలెను. చిరిగిన భాగమును నిర్దాక్షిణ్యముగా తీసివేయవలెను. పొరలు ముడుతలు లేక పఱచి, అడుగు దూరమున కొక పొడవు కచ్చాకుట్టు వేసికొనినచో జరుగవు. తరువాత గట్టి నూలుదారముతో అంగుళమున్నర దూరమున కొక వరుసగా సన్నని కుట్టు వేయవలెను. వరుసలు ఎడమైనచో ఉతికినపుడు పొరలు ఉండకట్టును. బొంత మొదట చినుగునది అంచున. కాన అంచునకు గట్టి గుడ్డపట్టీ వేయుట మఱువరాదు.

ఈ విద్య మన సీమకే చెందినది కాదు. సంస్కృతమున బొంతను కంథ యందురు. భర్తృహరి వైరాగ్యశతకమునందు విరాగి కప్పుకొనునది ఇదియే. ఆ పదమే వంగదేశమున 'కాంథా'యై అచటి స్త్రీల సూదిపనికి పేరు తెచ్చినది. కర్ణాటకమున ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీ స్త్రీలు కుట్టు బొంతను 'కవంది' యందురు. నాలుగు మూలల గుడ్డ మడతలతో పూలు కుట్టనిదే అది వస్త్రహీనమైనట్లని వారు తలంతురు. విరాగి కోరి ధరించిన కంథ వేఱు, గతిలేక కప్పుకొన్న పేలిక వేఱు. పేదవారి బొంతకు కూడ పూవుండవలెననుటలో ఎంతటి గౌరవమున్నది!

2021వ సంవత్సరము నవంబరు నెలలో మనకు బొంతల అక్కఱ కన్నులార తెలిసినది. కుంభవృష్టికి తిరుపతి వీథులు నీట మునిగినవి, స్వర్ణముఖి పొంగినది, 19వ తేదీన కడపజిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది, రాయలచెఱువు కట్టకు గండిపడునను భీతితో పల్లెలు ఖాళీ చేయించిరి. నీరు చొచ్చిన ఇంట మొదట పోవునది పక్కబట్టయే. ఐతే వాన కురియుచుండగా బొంత పంపరాదు. తడిసిన నూలు వెచ్చదనమీయదు, ఆఱదు. అప్పుడు పలుచని దుప్పట్లు పంపి, నీరు తీసిన పిదప బొంతలు పంపవలెను. ఢిల్లీలో 1999లో అంశు గుప్తాగారు స్థాపించిన గూంజ్ సంస్థ పాతబట్టలను ఏరి, శుభ్రపఱచి, పనికిరాని వానితో బొంతలు కుట్టించుచు, వస్త్రదానము భిక్ష కారాదని బోధించుచున్నది. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారము లభించినది.

పసిబిడ్డల విషయమున ఒక హెచ్చరిక. ఏడాది నిండని బిడ్డకు నిద్రలో వదులుగా బొంత కప్పరాదు. ముఖముపై పడి ఊపిరాడకపోవచ్చును. ఎత్తుకొనునపుడు చుట్టుటకు పలుచని మెత్తని గుడ్డయే మేలు. ఆసుపత్రులకు, అనాథాశ్రమములకు ఇచ్చునపుడు ముందుగా పోయి, ఏ కొలతవి, ఎన్ని కావలెనని అడుగవలెను. అడుగుట అవమానము కాదు, అది దానములో మొదటి భాగము.

చివర నొక మాట. బొంత మూలను మన పేరు కుట్టవలెనని, ఇచ్చునపుడు ఫోటో తీయించుకొనవలెనని మనసు పీకును. పరుల పేరు మీద కప్పుకొని నిద్రించుట ఎవరికి హాయి? పేరు బదులు అచట ఒక చిన్నపూవు కుట్టుదము.

నేను రెండు చీరలతో రెండవ బొంత కుట్టి తీసికొనిపోవునప్పటికి ఆ వృద్ధురాలు ఊరికి వెడలిపోయినది. దానిని మఱియొక తల్లి అందుకొని, తూచినట్లు చేతులతో ఎత్తిచూచి, చంకలో పెట్టుకొనినది. మొదటి బొంత మా వసారాలోనే యున్నది. దానిమీద కూర్చుండియే ఇప్పుడు నేను తక్కినవి కుట్టుచున్నాను.