ఇంటి గదిలో అంగడి

2007వ సంవత్సరం అక్టోబరు నెలలో మహబూబ్‌నగర్‌కు చెందిన ఒక పాఠకుడు జాన్ వుడ్ వ్రాసిన ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ది వరల్డ్’ అనే ఆంగ్ల గ్రంథం కావాలని అంతర్జాలం ద్వారా కోరినాడు. ఆ కోరిక చేరిన చోటు గొప్ప పుస్తక విక్రయశాల కాదు. బెంగుళూరు కోరమంగళలోని రెండు పడకగదుల అపార్ట్‌మెంటు. సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అనే ఇద్దరు యువ ఇంజనీర్లు ‘ఫ్లిప్‌కార్ట్’ పేరుతో అందులో అప్పుడే పుస్తకాల వ్యాపారం ఆరంభించి ఉన్నారు. అడిగిన గ్రంథం వారివద్ద లేదు. నగరంలోని దుకాణాలు గాలించి, ఒక ప్రతిని సంపాదించి, కట్టకట్టి పంపినారు. వారి తొలి విక్రయం అదే.

ఆ సంస్థలో సుమారు 77 శాతం వాటాను 2018లో అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకు కొన్నది. ఈ కథను చెప్పేవారు సాధారణంగా డాలర్ల దగ్గరే ఆగిపోతారు. కాని నేడు మన నగరాలలో ఒక గదిని అంగడిగా మార్చుకొని చేనేత చీరలో, కారప్పొడులో, కొయ్యబొమ్మలో అమ్ముకొనే వేలాది కుటుంబాలకు ఉపయోగపడే పాఠం కథ మొదటి భాగంలోనే ఉన్నది: ఆ యువకులు ముందుగా పుస్తకాలనే ఎందుకు ఎంచుకొన్నారు?

పుస్తకం పగలదు, కారదు, కుళ్లదు. బల్లపరుపుగా ఉండడంవల్ల తక్కువ చోటు ఆక్రమిస్తుంది. ధర అట్టపైనే అచ్చయి ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యంగా, కొన్నవాడు చూడకుండానే కొనగలడు. ఒక ప్రతికి, మరొక ప్రతికి భేదం ఉండదు. చీర అటువంటిది కాదు. ఫోను తెరపై మామిడిచిగురు రంగులో కనిపించినది ఇంటికి వచ్చేసరికి చిలకపచ్చగా ఉండవచ్చు. ఆవకాయ సీసా మూత ఎంత బిగించినా నూనె దారి వెదకుకొంటుంది. ఇక కొండపల్లి బొమ్మ సంగతి వేరు. తెల్లపొణికి కొయ్య దూదివలె తేలిక. బొమ్మ బరువు అరకిలో కూడా ఉండకపోవచ్చు. అయితే దానికి దెబ్బ తగలకుండా చుట్టూ మెత్తని పదార్థం నింపి, 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు గల పెట్టెలో పెట్టినారనుకొందాము. కొరియరు సంస్థలు పార్సెలును తూచడంతో పాటు కొలుస్తాయి కూడా. మూడు కొలతలను గుణించి 5,000తో భాగించడం సాధారణంగా అమలులో ఉన్న లెక్క. ఇక్కడ 15,000ను 5,000తో భాగించగా 3 వస్తుంది. అనగా అరకిలో బొమ్మకు 3 కిలోల కిరాయి చెల్లించవలసి ఉంటుంది. మొదటి నెలలో చాలామందిని దెబ్బతీసేది ఈ భాగహారమే. అనుభవం గల విక్రేతలు సరకుకు తగిన పెట్టె వెదకరు. పెట్టెకు తగిన సరకు వెదకుతారు.

ఇంటినుండి దేశమంతటికీ అమ్మడం మన దేశంలో కొత్త విషయం కాదు. 1877లోనే తపాలా శాఖ ‘వాల్యూ పేయబుల్’ పద్ధతిని ప్రవేశపెట్టినది. తపాలా బంట్రోతు సరకును గుమ్మంలో అందించి, వెల వసూలు చేసేవాడు. ఆ సొమ్ము విక్రేతకు మనియార్డరుగా చేరేది. వి.పి.పి. ద్వారా పుస్తకాలు పంపబడునని ప్రకటించని తెలుగు ప్రచురణకర్త ఆ రోజులలో అరుదు. ‘క్యాష్ ఆన్ డెలివరీ’ అనే పేరుతో ఫ్లిప్‌కార్ట్ 2010లో చేపట్టినది ఆ పాత పద్ధతికి కొత్త రూపమే. రెండింటి జబ్బు కూడా ఒకటే: పార్సెల్ వచ్చే వేళకు కోరినవాని మనసు మారిపోవడం.

ఇంటి వ్యాపారానికి మరొక పూర్వరంగం ముంబయిలో ఉన్నది. 1959 మార్చి 15వ తేదీన గిర్గాంలోని ఒక నివాస భవనం డాబాపై ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో అప్పడాలు ఒత్తడం ప్రారంభించినారు. తొలినాడు తయారైనవి నాలుగు పొట్లాలు. ‘లిజ్జత్’ అప్పడాలకు పేరుపొందిన ఆ సంస్థ పూర్తి పేరు శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్. వ్యవస్థాపకులలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ లభించినది. హిందీ, గుజరాతీ భాషలలో ‘ఉద్యోగ్’ అంటే పరిశ్రమ. తెలుగులో ఉద్యోగమంటే ఒకరి కొలువు. ఒకే సంస్కృత శబ్దం వింధ్యకు ఆవల యజమానురాలిని, ఈవల జీతగత్తెను స్ఫురింపజేస్తున్నదన్నమాట!

లెక్క పుస్తకం

ఇంటి అంగడికి అద్దె లేదు, గుమాస్తా లేడు, కనుక మిగులు అధికమని బయటివారు అనుకొంటారు. ఒక ఊహాజనితమైన లెక్క తీసుకొని చూద్దాము. 600 రూపాయలకు అమ్మే దుపట్టా కొనుగోలు ధర 400. సంచి, అట్ట, అంటుపట్టీ కలిపి 20. రవాణా 70. విక్రయ వేదిక తీసుకొనే రుసుము 50. మిగిలేది 60 రూపాయలు. పది పంపితే 600 మిగలాలి. కాని పదిలో ఒకటి తిరిగి వచ్చినదనుకొందాము. తొమ్మిదింటిపై లాభం 540. తిరిగి వచ్చినదానికి పోను 70, రాను 70, కట్టుబడి 20, వెరసి 160 నష్టం. నికరంగా చేతికి వచ్చేది 380. ఆ తిరిగి వచ్చిన దుపట్టాకు మరక అంటి పనికిరాకుండా పోతే మరొక 400 తీసివేయాలి. అనగా పది పార్సెళ్లు కట్టిన తరువాత 20 రూపాయలు ఎదురు పడినట్లు! ఇందులో ఆమె శ్రమకు కట్టిన విలువ సున్న అని కూడా గమనించవలసి ఉంటుంది.

సొమ్ము వెంటనే చేతికి రాకపోవడం ఇంకొక చిక్కు. వేదికల ద్వారా అమ్మినప్పుడు సరకు చేరిన కొన్ని దినాలకు గాని బ్యాంకు ఖాతాలో జమపడదు. నేతగాడు మాత్రం చీర ఇచ్చిననాడే డబ్బు కోరుతాడు, కోరడం న్యాయమే. ఈ రెండు తేదీల మధ్య వ్యవధిని భరించగల చిన్న నిల్వధనం లేనివారు, గిరాకీ బాగున్న కాలంలోనే అంగడి మూసుకొంటారు. పండుగల ముందు ఇది తరచు జరుగుతుంది.

ఈ ఇబ్బందివల్లనే చాలామంది వేదికలను వదలి, వాట్సాప్‌లో చిత్రాలు పంపి, నేరుగా అమ్ముకొనడానికి మొగ్గుతారు. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ ఆవిష్కరించిన యు.పి.ఐ. పద్ధతి దీనికి గొప్ప ఆసరా అయినది. ముందుగా సొమ్ము చేరుతుంది, రుసుము ఉండదు, తిరుగు పార్సెళ్లు తగ్గుతాయి. కాని పరిచయం లేని కొనుగోలుదారు ముందుగా సొమ్ము పంపడానికి జంకుతాడు. వేదిక అమ్మేది సరకును కాదు, నమ్మకాన్ని; రుసుము దానికే.

గుమ్మంపై చిరునామా

అంగడి వీధిలో ఉంటే నామఫలకం గర్వకారణం. ఇంటిలో ఉంటే అదే చిరునామా సంకటమవుతుంది. పొట్లంకట్టిన సరకుపై తయారీదారుని లేక పొట్లంకట్టినవారి పేరు, చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నియమావళి నిర్దేశిస్తున్నది. వీటిలో చాలా వివరాలను అంతర్జాల విక్రేతలు తెరపై కూడ చూపాలనే నిబంధన 2018 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. పచ్చళ్లు, పొడుల వంటి ఆహార పదార్థాలకు వీటికి తోడు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఇచ్చే 14 అంకెల సంఖ్య ఉండితీరాలి. కొనేవాని రక్షణకు ఇవన్నీ అవసరమే. కల్తీ సరకు తిన్నవాడు ఎవరిని అడగాలి? అయితే ఒంటరిగా ఉండే విక్రేత్రి ఇంటి నంబరు, ఫోను నంబరు ఈవిధంగా వందలాది అపరిచితుల చేతికి చేరుతున్నవి. వ్యాపారానికి వేరొక ఫోను నంబరు పెట్టుకొనడం, తెలిసినవారి దుకాణంలో పొట్లాలు కట్టించి ఆ చిరునామా వేయడం కొందరు అనుసరిస్తున్న మార్గాలు. రెండవదానికి ఖర్చు ఉన్నది, కాని వృథా ఖర్చు కాదు.

ఆదిలాబాదు, బీదరు

ఆరు అంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చినది. దాని రూపకర్త శ్రీరాం భికాజీ వేలాంకర్ తపాలా శాఖ ఉన్నతాధికారి, సంస్కృత కవి. ఒకే పేరుగల ఊళ్లు, రకరకాల లిపులు, అర్థంకాని వ్రాత ఉన్న దేశంలో చిరునామాను అంకెలుగా మార్చడం ఆయన ఆలోచన. మొదటి అంకె మండలాన్ని, చివరి మూడు అంకెలు తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. 5 అనే అంకె తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రాలది. హైదరాబాదునుండి ఆదిలాబాదు సుమారు 300 కిలోమీటర్లు; కర్ణాటకలోని బీదరు సుమారు 140. తపాలావారి దృష్టిలో రెండూ 5తో మొదలయ్యే ఊళ్లే.

పన్నుల చట్టం దృష్టి వేరు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు, వీధిలోని చిన్న దుకాణానికి నమోదునుండి మినహాయింపు ఉన్నది గాని, అంతర్జాల వేదిక ద్వారా వస్తువులు అమ్మేవారికి లేదు. ఏడాదికి పదివేలు అమ్మినా నమోదు తప్పనిసరి. ఆరేళ్లకు పైగా ఈ భేదం కొనసాగినది. 2023 అక్టోబరు 1 నుండి మినహాయింపు పరిమితికి లోబడినవారు నమోదు లేకుండా, ఒక గుర్తింపు సంఖ్య మాత్రం పొంది, వేదికలపై అమ్మవచ్చునని సడలించినారు. వస్తు విక్రేతల పరిమితిని 2019 ఏప్రిల్ 1 నుండి చాలా రాష్ట్రాలలో వార్షికంగా 40 లక్షలకు పెంచగా ఆంధ్రప్రదేశ్ వారికి అది వర్తించినది. తెలంగాణ 20 లక్షలనే నిలుపుకొన్నది. సడలింపుకు ఒక షరతు ఉన్నది: సరకు రాష్ట్రం దాటరాదు. అనగా హైదరాబాదు మియాపూరులోని గృహిణి ఈ మినహాయింపుతో కుట్టుపని సంచిని ఆదిలాబాదుకు పంపవచ్చు, సగం దూరం కూడా లేని బీదరుకు పంపరాదు. షోలాపూరులో, సూరతులో, భివండిలో స్థిరపడిన తెలుగు నేతకుటుంబాలు మన పిండివంటలు కోరుతాయి. ఆ కోరిక తీర్చాలంటే ఆమె నమోదై, పన్ను వసూలుచేసి, నియతకాలంలో రిటర్నులు దాఖలు చేయవలసి ఉంటుంది.

షరతుకు కారణం లేకపోలేదు. పన్నులో వినియోగ రాష్ట్రానికి వాటా చేరాలంటే సరిహద్దు దాటిన సరకు లెక్కలో కనబడాలి. కాని ఆ లెక్క ఖర్చు పెద్ద సంస్థకు కనిపించదు. నెలకు 40 పార్సెళ్ల అంగడికి అది ఆడిటరు జీతమై కూర్చుంటుంది. ఏకమైన విపణి అనే ఆశయం చిన్న విక్రేత దగ్గరకు వచ్చేసరికి రాష్ట్రపు పొలిమేర వద్ద ఆగుతున్నదని చెప్పక తప్పదు.

కొన్ని వస్తువులకు ఈ పొలిమేర లేదు. అచ్చు పుస్తకాలు, గాజు గాజులు పన్ను లేని వస్తువులు. వాటిని మాత్రమే అమ్మేవారికి నమోదు అక్కరలేదు. ప్రభుత్వ జాబితాలోని హస్తకళావస్తువులను వేదికల ప్రమేయం లేకుండా స్వయంగా ఇతర రాష్ట్రాలకు అమ్ముకొనేవారికి కూడ 20 లక్షల వరకు 2017 సెప్టెంబరులో మినహాయింపు ఇచ్చినారు. అయితే విలువతో నిమిత్తం లేకుండా ఈ-వే బిల్లు వెంట ఉండాలి. ఆనాడు మహబూబ్‌నగర్‌కు వెళ్లినది పుస్తకం కనుక నేటి చట్టంలో కూడ దానికి ఆటంకం ఉండదు. కొయ్యబొమ్మ అయితే ఎన్నో ప్రశ్నలు.

నమోదుకు సిద్ధపడినవారికి మరొక మెట్టు మిగిలి ఉన్నది. వ్యాపార స్థలం చూపాలి. సొంత ఇల్లయితే ఇంటిపన్ను రసీదో, విద్యుత్తు బిల్లో చాలు. అద్దె ఇల్లయితే ఒప్పంద పత్రమో, యజమాని అంగీకార పత్రమో జతచేయాలి. నివాసానికి ఇచ్చిన ఇంటిని వ్యాపారస్థలంగా కాగితంపై చూపిస్తే పన్ను, కరెంటు చార్జీలు పెరుగుతాయేమో, ఖాళీ చేయించడం కష్టమవుతుందేమో అని యజమానులు సంతకం పెట్టడానికి వెనుకాడుతారు. అపార్ట్‌మెంటు సంఘంవారికి లిఫ్టులో పెట్టెలు, గేటువద్ద కొరియరు బండ్లు కనిపిస్తాయి. అందుచేత తెలివైన విక్రేతలు దరఖాస్తు నింపకముందే ఇంటి యజమానితో మాట్లాడుతారు. పార్సెళ్లను సాయంత్రం ఒకే వేళకు కిందికి దించి వాచ్‌మన్ గది ప్రక్కన పెడతారు, లేదా తామే సంచిలో వేసుకొని సమీపంలోని తపాలా కార్యాలయానికి నడుస్తారు.